బొట్టంత లక్క

పోయిన వారం షావుకారు శేషన్న కారును ఎమ్మిగనూరుకూ ఆదోనికీ నడుమ నల్లరేగడి రోడ్డు మీద నిలబెట్టి మనం ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. ఈ వారమంతా మీరు తిన్నారు, పడుకున్నారు, కొందరు కోసిగి సంతకు కూడా పోయి వచ్చారు. కారులో ఉన్న ముగ్గురూ మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. నెత్తి మీద ఎండ కూడా కదల్లేదు. పడమట లేచిన మబ్బు ఒక్కటే కొంచెం దగ్గరికి వచ్చింది.

ఈ వారమే కొత్తగా బండెక్కిన వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆదోనిలో నూనె వ్యాపారం చేసే శేషన్నకు తన డ్రైవర్ హుస్సేన్ పెట్రోలు అమ్ముకుంటున్నాడని అనుమానం. అనుమానానికి ఆధారం ఏమిటంటే, బండి నడిచినప్పుడల్లా పెట్రోలు తగ్గుతోంది. అందుకని ఆయన ట్యాంకు మూతకు పురికొస చుట్టి, ముడి మీద బొట్టంత లక్క కరిగించి పోసి, తన ఉంగరం అద్దాడు. ఉంగరం మీద పడగ విప్పిన పాము. పెట్రోలు పోయాల్సి వస్తే ఆయనే ముద్ర తీస్తాడు, ఆయనే మళ్లీ వేస్తాడు. దుమ్ము పడకుండా పైన గుడ్డ కట్టాడు. "పున్నమి దాంక నువ్వు ఆ దిక్కు సెయ్యి పెట్టగూడదు" అన్నాడు. పున్నమి నాడు పొద్దు మునిగేలోపు ఆదోని బజార్లో పెద్దమనుషుల ఎదుట గుడ్డ విప్పి, పెట్రోలు కూడా కొలుస్తారు. ముద్ర చెదరకుండా ఉంటే హుస్సేన్ మంచోడు. చెదిరితే దొంగ. దొంగ అయితే హుస్సేన్‌కు పని ఉండదు. ఎమ్మిగనూరులో శేషన్న గోడౌనుకు కావలి ఉంటూ అందులోనే ఓ గదిలో బతుకుతున్న అతని తండ్రి ఇమాం సాబ్‌కు ఆ గది ఉండదు. ముసలాయనకు తల దాచుకోడానికి భూమ్మీద ఇంకో చోటు లేదు.

ఆ పున్నమి ఇవాళే.

"ఐపోయింది" అన్నాడు శేషన్న ముందు సీట్లో కూర్చునే. "పెట్రోలు ఐపోయింది. యాల ఐపోయింది? నువ్వు అమ్ముకున్న్యావు గాబట్టి."

"ఐపోల్యాదు సావుకారీ. ట్యాంకిలో ఉండాది."

"ఉంటే బండికి తెలీదా?"

వెనక సీట్లోంచి ఆయన అక్క తిప్పమ్మ గొంతు సవరించుకుంది. తిప్పమ్మ గొంతు సవరించుకుందంటే ఎక్కడో దూరాన హొళగుందలో గొడ్లు చెవులు రిక్కిస్తాయి. "ముద్ర ఏసింది నువ్వే, ఏసినాక అమ్ముకున్న్యాడని అనేదీ నువ్వే. మూత తీకుండా యాన్నించి అమ్మినాడురా? కలలో అమ్మినాడా?"

"నువ్వుండక్కా. నీకు యాపారం తెలీదు."

"పెట్రోలు గాల్లో కలిసి పొయ్యేది యాపారం కాదులే, మంత్రం."

హుస్సేన్ కిందికి వంగి వేలి కణుపులతో ట్యాంకు అడుగున తట్టాడు. మందంగా పలికింది. చాలా పైకి పోయాక గానీ బోలు చప్పుడు రాలేదు. "ఇన్న్యావా సావుకారీ. నిండుగా ఉండాది."

"నీళ్లు పోసినా అదే సప్పుడు ఇస్తాది."

ఇంతసేపూ పెట్రోలు అమ్ముకున్న దొంగ ఇప్పుడు నీళ్లు కలిపిన దొంగ కూడా అయ్యాడు. హుస్సేన్ బానెట్టు ఎత్తాడు.

బండి జబ్బు అతనికి కొంతవరకు తెలుసు. ఎమ్మిగనూరులో బయల్దేరినప్పుడు పెళ్లికొడుకులా ఉంది. కాస్త దూరం వచ్చాక, చిన్న మెరక ఎక్కేటప్పుడు, ఎక్కిళ్లు మొదలయ్యాయి. తర్వాత కార్బరేటర్ లోంచి టప్పు టప్పుమని తుమ్ములు. చోక్ లాగితే కొంచెం తేరుకునేది, వదిలితే మళ్లీ తుమ్మేది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ తాగుతోందని దాని అర్థం. మనుషులైతే దీన్ని ఉపవాసం అంటారు, పుణ్యం కూడా వస్తుంది. ఇంజనుకు మాత్రం అంత భక్తి లేదు.

ఒక ప్లగ్గు ఊడదీసి చూశాడు. మూతి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు సరిగ్గా అందే ఇంజను ప్లగ్గు కాఫీ రంగులో ఉండాలి.

"పత్తి నుసి పడిందేమో" అన్నాడు. ఆదోని డ్రైవరు ఎవరైనా ముందు అనే మాట అదే. జిన్నింగు మిల్లుల ఊరది. అక్కడ పత్తి నుసి చేరని చోటు లేదు. పప్పులో ఉంటుంది, పరుపులో ఉండకపోయినా. పెళ్లి ఫోటోల్లో అందరూ నెత్తి తెల్లబడి ముసలివాళ్లలా పడతారు. కానీ హుస్సేన్ కార్బరేటర్ విప్పి, పెట్రోలు చిమ్మే జెట్టు తీసి, ఆకాశం వైపు పెట్టి చూస్తే కన్నంలోంచి మబ్బు శుభ్రంగా కనబడింది. మబ్బు అనవసరంగా బాగా కనబడింది.

"నుసి గాదు."

"అయితే ఏంది?" అంది తిప్పమ్మ. ఆమె దిగి వచ్చి గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది. గొడుగు నీడ మొత్తం ఇంజను మీద పడుతోంది, హుస్సేన్ నెత్తి ఎండలో ఉంది. ఎవరికి జబ్బో వాళ్లకే నీడ.

"తెలీడంల్యా పెద్దమ్మా. పంపు సూస్తా."

పెట్రోలు పంపు కింద గాజు గిన్నె ఉంటుంది. అది నిండుగా ఉండాలి. అడుగున కొంచెం ఉంది, అంతే. ట్యాంకు దగ్గర్నుంచి వచ్చే సన్నటి పైపు విప్పాడు. పెట్రోలు చుక్క రాలేదు. లోపల ఏదైనా అడ్డం పడిందేమోనని పైపు మూతికి వేలు అడ్డం పెట్టాడు.

పైపు అతని వేలిని పీల్చింది.

హుస్సేన్ వేలు తీసి చూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ పీల్చింది, దూడ పొదుగు పట్టినట్టు. ఎండకు తల తిరుగుతోందేమో అనుకున్నాడు. ఎందుకైనా మంచిదని వేలు తీసేసి, పైపు నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు. కారు వెనక ఎక్కడో గుడగుడమంది.

"ట్యాంకిలో ఎవురో హుక్కా తాగుతాండారు" అంది తిప్పమ్మ. తర్వాత ముఖం వెలిగింది. "శేషా, ఇన్న్యావా? ఉత్త కుండ గుడగుడ అంటాదా?"

"నీళ్లు గూడా అంటాయి."

"నువ్వు సచ్చినాక నీ నోట్లో తులసి నీళ్లు పోస్తే వాట్ని మాత్రం పెట్రోలంటావు."

హుస్సేన్ అన్నీ బిగించి హ్యాండిల్ తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది. తుమ్ము లేదు, ఎక్కిలి లేదు. బండి నడుస్తుంటే నీళ్లని అనడం శేషన్నకు కష్టం.

కర్నూలు రాజధాని అయింది గానీ ఆ సంగతి ఈ రోడ్డుకు ఎవరూ చెప్పలేదు. రెండు పక్కలా పత్తి చేలు, నడుమ బండ్ల చక్రాలు కోసిన గాడీలు. వాన పడితే ఈ మట్టి జిగురవుతుంది. అందులో దిగిన చక్రం మనవళ్ల కాలానికి బయటికి వస్తుంది. హుస్సేన్ ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను మబ్బు మీద పెట్టి, మూడోది లేదే అని బాధపడుతూ నడిపాడు. ఆదోని కొండలు కనబడ్డాయి. పొద్దు ఇంకా ఉంది. ముద్ర చెదరలేదు. ఇంకొంచెం దూరం. ఇంకొంచెం దూరం.

టప్.

"ఏం గాదు" అన్నాడు హుస్సేన్, ఎవరూ అడక్కుండానే.

టప్. టప్. చోక్ లాగాడు. బండి నాలుగు అంగలు వేసి, సన్నగా ఈల వేసినట్టు మూలిగి, వంక పక్కన ఆగిపోయింది. ఎండిన వంకే. కానీ పడమట ఉరుము వినబడింది. ఆ వంకకు కూడా వినబడే ఉంటుంది.

హుస్సేన్ మళ్లీ బానెట్టెత్తాడు. పైపు విప్పి వేలు పెట్టాడు. పీల్చింది.

"పెద్దమ్మా, నేనేమన్నా పిచ్చోని లెక్క మాట్లాడతాండానా సెప్పు. ఈ పైపు నా ఏలు పీలుస్తాండాది. ఊదితే కడుపు నిండినట్టు కొంచెం దూరం పోతాది. మళ్లా పీల్సడం మొదులు పెడతాది. ట్యాంకి పెట్రోలు ఇయ్యడంల్యా. లోపలికి గుంజుకుంటాండాది."

ముందు సీట్లో శేషన్న కదిలాడు. ఆయన జీవితంలో తెరిచిన నూనె డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామకు నిచ్చెన అవుతుంది, ఇంకా నాలుగు మిగుల్తాయి. డబ్బాకు ఒక మూలే కన్నం పొడిచి వంచితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. నూనె రెండు గుటకలు వేసి ఆగిపోతుంది. రెండో మూల గాలికి ఇంకో కన్నం పొడిస్తేనే ధార కడుతుంది. గాలి లోపలికి పోకుండా నూనె బయటికి రాదు.

తెలిసీ ఆయన మాట్లాడలేదు. మూతను కట్టి లక్క వేసింది తనే.

తిప్పమ్మ గొడుగు మడిచి, తమ్ముడి మొఖం వైపు వంగి చూసింది. "ఏమిరా గమ్మునైపోయినావు? నీకేదో తెలిసింది."

"ఏమీ తెలీల్యా."

"నీకు ఏమీ తెలీకుంటే ఇంతసేపు మాట్లాడకుండా ఉండవు. పుట్నప్పట్నించి సూస్తాండా నిన్ను."

శేషన్న పంచె కొంగుతో మెడ తుడుచుకున్నాడు. బయటికి చూస్తూ అడిగాడు. "ఆ మూతకి గాలి బొక్క ఉంటాదేమప్పా?"

హుస్సేన్ చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. "ఉంటాది. సూది మొనంత. నడుమ." ఆలోచించాడు. "గాని నీ లక్క నడుమ ల్యాదు గదా సావుకారీ. ముడి మీద బొట్టంత పెట్టినావు, పక్కన. పొద్దున ఆదోనిలో ఏసినావు, ఎమ్మిగనూరు దాంక బండి ఒక్క తుమ్మన్నా తుమ్మల్యా."

"బొట్టంతే పెట్టినా" అన్నాడు శేషన్న. ఆయన గొంతులో ప్రాణం వచ్చింది. తప్పు తనది కాకపోతే ఆయనకు గొంతు బాగా పలుకుతుంది. "గుడ్డ ఇప్పి సూడు. ముద్ర మీద మాత్రం సెయ్యి పెట్టాకు. నేను గూడా వస్తాండా."

శేషన్న కారు దిగడం అంటే చిన్న పని కాదు. ముందు కడుపు దిగాలి. తర్వాత అది కుదుటపడాలి. ఆ తర్వాత మిగతా మనిషి దిగాలి. హుస్సేన్ వెనక్కి పోయి గుడ్డ ముడి విప్పేసరికి ఆయన ఇంకా కడుపు దగ్గరే ఉన్నాడు.

గుడ్డ ఊడింది.

లక్క బొట్టంత లేదు. మూత మొత్తం మీద దోసె పోసినట్టు పరుచుకుని ఉంది. అంచులు కారి, పురికొసతో కలిసిపోయి, నడుమ కన్నం ఎక్కడుందో కూడా తెలియకుండా పూడ్చేసింది. ఎవరో ముద్ర విప్పారు. విప్పి, మళ్లీ కట్టి, అతుకు కనబడకూడదని భయంతో చేతికొచ్చినంత లక్క పోశారు.

దాని మీద అద్దిన గుర్తు పాము పడగ కాదు. నెలవంక. ఒక కొన విరిగిన నెలవంక.

ఇమాం సాబ్ కుడిచేతి వేలికి వెండి ఉంగరం ఉంటుంది. దాని రాయి మీద నెలవంక. చిన్నప్పుడు హుస్సేన్ తప్పు చేసినప్పుడల్లా ఆ చెయ్యే మొట్టికాయ వేసేది. ఆ విరిగిన కొన ఎక్కడుందో హుస్సేన్ కళ్లకంటే నెత్తికి బాగా తెలుసు.

మధ్యాహ్నం కారు గోడౌను నీడలో నిలబెట్టినప్పుడు తండ్రి అన్న మాట గుర్తొచ్చింది. "నువ్వు పొయ్యి తిను బేటా. బండికాడ నేనుంటా." లోపల నూనె డబ్బాలకు వేసే లక్క ముద్దలు గంపెడున్నాయి. శేషన్న పనిమీద బజారుకు పోయాడు. మబ్బు చూసి అందరూ హడావుడిగా బయల్దేరారు, గుడ్డ ఎవరూ విప్పి చూడలేదు.

కంకర మీద చెప్పుల చప్పుడు. శేషన్న రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయి.

"ఎట్లుండాదప్పా?"

ఈ పున్నమి దాకా ఆ ముద్రను హుస్సేన్ కోడిగుడ్డులా కాపాడాడు. గతుకు వస్తే ముందు దానికి దెబ్బ తగులుతుందేమోనని చూశాడు. ఇందాకట్నుంచి, బండి ప్రాణం పోతున్నా, దాన్ని తాకలేదు. ఇప్పుడు నడుముకు దోపుకున్న స్పానరు తీసి నెలవంక నడినెత్తిన కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లక్క పెళ్లలు పెళ్లలుగా లేచి రోడ్డు మీద పడింది. కన్నం తెరుచుకుంది. లోపల ట్యాంకు సన్నగా, చాలాసేపు, గాలి పీల్చుకుంది.

శేషన్న కారు చుట్టూ తిరిగి వచ్చేసరికి మూత మీద చూడ్డానికి ఏమీ లేదు.

"పగలగొట్టినావు" అన్నాడు.

"పగలగొట్టినా."

"నేను సూడకముందే."

"బండి నడవల్ల గదా సావుకారీ. వానొస్తాండాది."

శేషన్న అరవలేదు. ఆయన అరిస్తే హుస్సేన్‌కు కొంచెం ధైర్యం వచ్చేది. మూత మీద ఇంకా అంటుకుని ఉన్న లక్కను గోటితో గీకి చూశాడు. "నేను పెట్టింది బొట్టంత. ఇంత ల్యాదు. అంటే ఎవురో ఇప్పినారు, మళ్లా ఏసినారు. నీకు తెలిసి పగలగొట్టినావు. నువ్వే గాకుంటే ఇంకెవురు?"

హుస్సేన్ స్పానరు మళ్లీ నడుముకు దోపుకున్నాడు.

"సెప్పప్పా" అంది తిప్పమ్మ. "నువ్వు గాదని ఒక్క మాట సెప్పు. సాలు."

అతను చెప్పలేదు. కాదంటే మరి ఎవరని అడుగుతారు.

తిప్పమ్మ కొంతసేపు అతన్ని చూసింది. తర్వాత వంగి రోడ్డు మీది లక్క ముక్కలు ఏరి కొంగులో వేసుకోవడం మొదలుపెట్టింది. "లక్క పారేస్తారా ఎవురన్నా. కరిగించుకుంటే మళ్లా పనికొస్తాది." ప్రళయం వచ్చినా తిప్పమ్మ ముందు పనికొచ్చే వస్తువులు ఏరుకుని తర్వాత మునుగుతుంది.

శేషన్న సీటు కింద నుంచి వెదురు బద్ద తెచ్చాడు. పీపాల్లో నూనె ఎంతుందో ముంచి చూసుకునే బద్ద. పొద్దున ముద్ర వేసేముందు ట్యాంకులో ముంచి దాని మీద గీత గీసుకున్నాడు. పొద్దుట్నుంచి బండి ఎమ్మిగనూరు పోయి, సగం దారి తిరిగొచ్చింది. దొంగ చెయ్యి పడకపోయినా తడి ఆ గీతకు కిందే ఉండాలి. ఎంత కింద ఉంటే దొంగతనం అంత. ఆయన మూత తీసి బద్ద దించాడు, పైకి తీశాడు.

తడి గీతకు పైన ఉంది. జానెడు పైన.

పంచెతో బద్ద తుడిచి మళ్లీ ముంచాడు. మళ్లీ అంతే. ఇంకోసారి ముంచితే ఇంకా పెరుగుతుందేమోనని భయపడి మానేశాడు. వాసన చూశాడు. పెట్రోలే.

"అక్కా" అన్నాడు నెమ్మదిగా. "తీసుకపొయ్యే దొంగల్ని సూసినా. పోసి పొయ్యే దొంగను నేను యాడా సూల్లేదు."

తిప్పమ్మ ఏరడం ఆపింది.

హుస్సేన్‌కు అప్పుడు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది. ముసలాయన పెట్రోలు తియ్యలేదు. ఎక్కడో సంపాదించి, ఎవరూ లేనప్పుడు ముద్ర విప్పి, లోపల పోశాడు. కొడుకు అమ్ముకున్న పెట్రోలును నింపాడు. పున్నమి నాడు కొలిస్తే తక్కువ రాకూడదని. అంటే ఆదోని బజారంతా హుస్సేన్‌ను దొంగ అన్నప్పుడు, ఒక్క మాట మాట్లాడకుండా విన్న ఇమాం సాబ్, అది నిజమే అనుకున్నాడు.

మబ్బు పొద్దును కప్పింది. కారు మీద ఒక చినుకు పడి, ఎందుకో ఆలోచించుకుని, ఆగింది.

"బండి తిప్పు" అన్నాడు శేషన్న.

"ఆదోని ఆ దిక్కుండాది సావుకారీ."

"ఎమ్మిగనూరుకే తిప్పు. గోడౌన్లోకి ఎవురొచ్చినారో మీ నాయన్ని అడగల్ల. ఇందర్లో అబద్ధం సెప్పనోడు ఆయనొక్కడే. నువ్వు ఆయన కడుపున యాల పుట్టినావో తెలీదు గాని."

"వానొస్తే ఇరుక్కుపోతాం సావుకారీ."

"ఇరుక్కుంటే నడిసి పోదాం. తిప్పు."

హుస్సేన్ పైపు బిగించాడు. హ్యాండిల్ ఒక్కసారి తిప్పాడు. ఇంజను అందుకుంది. వేడి చల్లారని ఆ బండి, తుమ్మకుండా, ఎక్కిలి లేకుండా, పాలు తాగిన పిల్లలా ఒకే గొంతుతో పలికింది. కొన్నప్పట్నుంచి అది అంత బాగా ఎప్పుడూ నడవలేదు. వంక పక్కనే వెడల్పు చూసి తిప్పి, ఎమ్మిగనూరు వైపు మొఖం పెట్టాడు. మెరక వచ్చింది, ఎక్కేసింది. గాడీలు వచ్చాయి, దాటేసింది. పక్కన శేషన్న బద్ద మోకాళ్ల మీద పెట్టుకుని ఆ గీతనే చూస్తున్నాడు.

అద్దంలో వెనక సీటు కనబడుతోంది. తిప్పమ్మ కొంగు విప్పి ఒళ్లో పరుచుకుంది. పనికొచ్చే ముక్కలు ఒక పక్క, నుసి ఒక పక్క పెడుతోంది. పెద్ద ముక్క ఒకటి తీసి తిప్పి చూసింది. ఇంకోటి తీసి దాని పక్కన పెట్టింది. సరిపోలేదు. వేరేది పెట్టింది. సరిపోయింది. ఆమె చేతులు నెమ్మదించాయి. ఇంక వేరు చెయ్యడం మాని, పగిలిన గాజును అతికించినట్టు, ముక్కకు ముక్క చేర్చడం మొదలుపెట్టింది.

హుస్సేన్ అద్దంలోంచి కళ్లు తియ్యలేకపోయాడు. బండి గాడిలో పడి ఎగిరింది. ముక్కలు చెదిరాయి. ఆమె మళ్లీ మొదటి నుంచి చేర్చుకుంది. ఈసారి తొందరగానే కుదిరాయి.

"హుస్సేనూ" అంది తిప్పమ్మ, తల ఎత్తకుండానే. "మీ నాయన ఏలికి ఆ ఎండి ఉంగరం ఇంగా ఉండాదా అప్పా?"

శేషన్న బద్ద మీంచి చూపు తీసి, మెల్లగా మెడ వెనక్కి తిప్పాడు.

ఇప్పుడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆగితే బాగుండు అనుకున్నాడు హుస్సేన్. బండి ఆగలేదు.